పీ అంటే పండు

పటేల్ పోయాడని యూసుఫ్ భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. మేం ముగ్గురం ఒకే ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లం. యూసుఫ్ భాయ్ ఫిట్టరు, నేను స్టోర్స్‌లో గుమాస్తాను, పటేల్ డ్రైవరు.

"పొద్దుగాల లేపవోతే లేవలేదంట చెల్లే. పండినాయన పండినట్టే ఉన్నడంట," అన్నాడు యూసుఫ్ భాయ్.

అని, తనే చిన్నగా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. పక్కింటావిడ గేటు దగ్గర కూరగాయలు బేరమాడుతూ, 'పటేల్ పోయిండా' అని అడిగి ఆ వెంటనే నవ్విన నన్ను వింతగా చూసింది. ఆ మాటకు నవ్వెందుకొచ్చిందో ఆమెకు చెప్పాలంటే ముందు ఆ బండి సంగతి చెప్పాలి.

మా ఫ్యాక్టరీ ఇస్నాపూర్‌కు అవతల ఉండేది. నీళ్ల పంపులు తయారు చేసేవాళ్లం. ఎనభైల చివర్లో విదేశీ భాగస్వాములు మిషన్లతో పాటు ఒక బండిని కూడా ఓడలో పంపారు. జీపు కన్నా పెద్దది, లారీ కన్నా చిన్నది. ముందు ముగ్గురు కూర్చునే పొడుగాటి సీటు, వెనక సామాను వేసే తొట్టి. దానికి క్లచ్ లేదు. గేర్లు అదే మార్చుకుంటుంది. స్టీరింగ్ పక్కన ఒక కాడ, దాని ముందు పీ, ఆర్, ఎన్, డీ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, అంతే. ఫ్యాక్టరీలో ఉన్న మిగతా ఇద్దరు డ్రైవర్లూ దాని చుట్టూ తిరిగి చూసి, క్లచ్ లేని బండి తోలితే చేతికొచ్చిన విద్య పోతుందని వెనక్కి తగ్గారు. అప్పుడు పటేల్ ముందుకొచ్చాడు.

ఆయనకు పేరు లేక కాదు. ఫ్యాక్టరీ కట్టిన భూమిలో పెద్ద చెక్క ఆయనదే. భూములు పోయిన ఇళ్లకు ఉద్యోగాలిచ్చినప్పుడు ఎడ్లబండీ, ట్రాక్టరూ తోలిన చేతులని ఆయనకు డ్రైవరు పని ఇచ్చారు. భూములున్న పెద్దమనిషి గనక సొంతూరు చిట్కుల్‌లో జనం 'పటేల్' అని ఎలా పిలిచేవారో ఫ్యాక్టరీలోనూ అలాగే పిలిచారు. గుజరాత్ నుంచి వచ్చిన జనరల్ మేనేజరు ఆయన్ని గుజరాతీవాడనుకుని, ఒకసారి గుజరాతీలో యోగక్షేమాలు అడిగాడట. పటేల్ అంతా విని, తల ఊపి, "అచ్ఛా సాబ్" అన్నాడట. "ఏమడిగిండో ఏమో, కాదంటే బాధపడ్తడని," అని మాకు చెప్పాడు.

నీలిమందు పెట్టి ఉతికిన తెల్లచొక్కా వేసుకునేవాడు. గ్రీజు మరక పడితే ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. బండిని 'దొరసాని' అనేవాడు, సముద్రం దాటి వచ్చింది గనక. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. ఎడమ కాలికి పని లేదు కదా, దాన్ని మడిచి సీటు మీద పెట్టుకుని, ఎడ్లబండి మీద కూర్చుని ఎడ్లను తోలుతున్నట్టే తోలేవాడు. ఎవరైనా చూసి నవ్వితే, "ఈ కాలుకు పింఛను ఇచ్చిన," అనేవాడు గొప్పగా.

ఆ నాలుగు అక్షరాలకూ ఆయన సొంత అర్థాలు చెప్పుకున్నాడు. "పీ అంటే పండు. ఆర్ అంటే రా ఎనుకకు. ఎన్ అంటే నిలబడు. డీ అంటే దౌడ్. గింతే గదా! గీ నాలుగు మాటలు ఎద్దుకు చెప్తే ఎద్దే ఇంటది."

చిక్కల్లా ఆ మొదటి మాటతోనే, ఆ పడుకోమనే మాటతోనే వచ్చింది. దొరసాని చక్కగా పండేది. లేవమంటే లేచేది కాదు. పొద్దున ఆయన కాడ పట్టి గుంజితే కదలదు. పళ్లు బిగించి, రెండు చేతులతో గుంజితే లోపలెక్కడో ధన్‌మని చప్పుడై అప్పుడు ఊడొచ్చేది. ఆ చప్పుడుకి నా స్టోర్స్ కిటికీ అద్దాలు అదిరేవి. "లేసింది దొరసాని," అనేవాళ్లు లోపల.

పటాన్‌చెరు నుంచి ఒక మెకానిక్ వచ్చి కాడ విప్పి, కడ్డీలకు గ్రీజు పూసి వెళ్లాడు. గుణం కనిపించలేదు. తర్వాత పట్నంలో విదేశీ కార్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి బండిని తీసుకెళ్లారు. అక్కడ చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి చూస్తే కాడ చిటికెన వేలితో కదిలింది. ఆయన పదిసార్లు కదిపి చూపించి, "ఏం రోగం లేదు, నీ చేతిలోనే ఉంది రోగం," అన్నాడట. పటేల్ ఆ అవమానం చాలాకాలం మరిచిపోలేదు. "ఇంట్ల అల్లరి చేసే పోరి బడిల బుద్ధిగ కూసుంటది. పంతులుకేమెరుక?" అనేవాడు.

ఇప్పుడు నా గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మ ఎల్లవ్వ ఫ్యాక్టరీ రాకముందు ఆ పటేల్ పొలాల్లోనే నాట్లేసిన మనిషి. నన్ను సంగారెడ్డి హాస్టల్లో పెట్టి ఇంటర్ దాకా చదివించింది. నాకు స్టోర్స్‌లో ఉద్యోగం దొరికిన కొత్తల్లో పటేల్ ఇంజన్ ఆయిలు కోసం నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేను కూర్చుని ఉన్నాను, ఆయన నిలబడ్డాడు. మా ఇద్దరికీ అది కొత్త. "నువ్వు ఎల్లవ్వ బిడ్డెవు గద," అన్నాడు. "అవును పటేలా," అన్నాను. సంతకం పెడుతున్నంతసేపూ కాగితం వైపే చూశాడు. అలా రెండు మూడేళ్లు ఆయిలు, గుడ్డపీలికలు, సంతకం, అంతకు మించి మాటల్లేవు. ఆయన మంచివాడో కాదో కూడా నేను ఆలోచించలేదు. ఆయన పటేల్, నేను ఎల్లవ్వ బిడ్డను.

నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం భోజనాల గంట కొట్టిన కాసేపటికి, స్టోర్స్‌లో నిలబడి బేరింగులు ఇస్తూనే ఉమ్మనీరు పోయింది. నడుములో ఎవరో గొడ్డలి దింపినట్టు నొప్పి. మా ఆయన గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు. మా ఫ్యాక్టరీ జీపు మేనేజర్లను తీసుకుని పట్నం పోయింది. క్యాంటీన్ ఆడవాళ్లు నన్ను పట్టుకుని బయటికి తెచ్చేసరికి, పటేల్ ఎప్పుడూ దాన్ని నిలిపే ఎత్తు మీద, ముక్కు పైకి పెట్టి, వెనక తొట్టి నిండా పోత ఇనుప సామానుతో దొరసాని పండి ఉంది.

పటేల్ తింటున్న గిన్నె వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఇంజన్ ఆన్ చేశాడు. బ్రేకు తొక్కి, కాడ గుంజాడు. కదల్లేదు. మళ్లీ గుంజాడు. రెండు చేతులతో గుంజాడు. రోజూ వచ్చే ఆ ధన్‌మనే చప్పుడు రాలేదు.

"లే," అన్నాడు. "లే తల్లీ. లే దొరసానీ. నీ కాల్మొక్త లేవే!" తిట్టాడు. బతిమాలాడు. స్టీరింగును అరచేత్తో కొట్టాడు. ఆయన చొక్కా వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నా వైపు తిరిగి, "భయపడకు బిడ్డా, ఏం గాదు," అన్నాడు. అదే మొదటిసారి ఆయన నన్ను బిడ్డా అనడం. అంటుంటే చేతులు వణుకుతున్నాయి. భయం నాకన్నా ఆయనకే ఎక్కువగా ఉంది.

అప్పుడు యూసుఫ్ భాయ్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పటేలా, ఇయ్యాల ఎనుక బరువు గూడ ఉన్నది. బండంతా కిందికి గుంజుతున్నది. మేం ఎనుకనుంచి మీదికి నూకుతం. నువ్వు బ్రేకు మీద కాలు తియ్యి."

"కాలు తీస్తే మీ మీదికొస్తదిరా! సస్తరు!"

"చక్రాలెనుక కట్టెమొద్దులు పెట్టినం. తియ్యి."

పటేల్ అద్దంలో వెనక్కి చూశాడు. మిషన్ షాపు వాళ్లంతా తొట్టికి భుజాలు ఆనించి నిలబడి ఉన్నారు. బీహార్ నుంచి వచ్చినవాళ్లు, మా ఊరివాళ్లు, క్యాంటీన్ వంటవాళ్లు, అందరూ. తన బండి మీద చెయ్యి పడితే ఊరుకోని మనిషి, గొంతు చించుకుని, "నూకుండ్రి! అందరు నూకుండ్రి!" అని అరిచి కాలు తీశాడు. వెనక నుంచి 'జోర్ లగాకే' అని హిందీలో, 'హైలెస్సా' అని తెలుగులో కేకలు ఒకేసారి లేచాయి. బండి వెంట్రుకవాసి ముందుకు కదిలింది. అంతే, కాడ వెన్నలో వేలు దిగినట్టు జారి డీ మీదికి వచ్చింది. ధన్‌మనలేదు, కిర్రుమనలేదు. పటేల్ నమ్మలేక ఒక్క క్షణం దాని వైపే చూశాడు.

"దౌడ్ పటేలా!" అని అరిచాడు యూసుఫ్ భాయ్.

పటాన్‌చెరు ఆసుపత్రి దాకా హారన్ మీద చెయ్యి తీయలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నేను ఆయన చొక్కా భుజం పిడికిట పట్టుకున్నాను. ఆ తెల్లచొక్కా కుట్టు పిగిలిపోయింది. ఆయన చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆసుపత్రిలో స్ట్రెచర్ మీదికి మారేటప్పుడు చూశాను, ఆయన బండి దిగి, నేల మీద అలాగే చతికిలబడ్డాడు. ఆ సాయంత్రమే నా కూతురు పుట్టింది. చిన్న పిట్టంత ఉంది, కానీ ఏడుపు మాత్రం గట్టిగా ఏడ్చింది.

ఇస్నాపూర్‌లో మేం కిరాయికి ఉన్న గదికి పటేల్ పిల్లను చూడ్డానికి వచ్చాడు. మా అమ్మ కంగారుగా లేచి, కుర్చీ తుడిచి వేసి, తను గోడవారకు జరిగింది. ఆయన కూర్చోలేదు. పిల్ల కాలి బొటనవేలు పట్టుకుని కాసేపు ఊపాడు. అమ్మ నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లగానే నా దగ్గరికి వంగి, "ఆ పొద్దు నా చేతులు వణికినయ్. నువ్వు సూసినవు. ఎవ్వలికి చెప్పకు," అన్నాడు.

"నేనేం సూడలే పటేలా. నేను కండ్లు మూసుకున్న," అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "మంచిగ మూసుకున్నవ్," అన్నాడు.

నేను సెలవు నుంచి తిరిగి వెళ్లేసరికి గొడవంతా తేలిపోయింది. యూసుఫ్ భాయ్ ఖాళీ ఉన్న రోజు బండి కింద దూరి చూసి వివరం చెప్పాడట. పీలో వేస్తే లోపల ఒక చిన్న కొక్కెం పళ్ల చక్రంలో పడుతుంది. ఎత్తు మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా వదిలేస్తే, బండి బరువంతా ఆ కొక్కెం మీదే కూర్చుంటుంది. ఇక అది ఊడి రమ్మంటే ఎలా వస్తుంది? పట్నం మెకానిక్ చదును నేల మీద చూశాడు కనుక ఆయనకు కనబడలేదు. "ముందుగాల హ్యాండ్‌బ్రేకు గుంజు. బరువు దాని మీద ఆననియ్యి. ఆ తర్వాత పీల ఎయ్యి," అన్నాడు యూసుఫ్ భాయ్.

"పండినదానికి పలుపెందుకురా?" అని పటేల్ మండిపడ్డాడట. కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడు. తర్వాత ఎవరూ చూడకుండా వేయడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్లకు కొత్తగా చేరినవాళ్లను బండి దగ్గరికి పిలిచి, "సూడు, గిది నేను కనిపెట్టిన ఇకమతు. ముందుగాల పలుపు, ఆ తర్వాత పండుడు," అని చెప్పడం నేనే విన్నాను. యూసుఫ్ భాయ్ పక్కనే నిలబడి, "అవ్, పటేలే కనిపెట్టిండు," అని సాక్ష్యం చెప్పేవాడు.

నా కూతురు నడక నేర్చిన రోజుల్లో పటేల్ మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి కాగితం వైపు కాకుండా నా వైపు చూశాడు.

"బిడ్డా, నువ్వు బండి నేర్సుకోవాలె."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆ పొద్దు నేను సెలవు పెట్టి ఉంటే ఎట్లుండె? నేనొక్కన్నే ఎన్ని దినాలుంట? ఇంకొకరికి రావాలె."

"యూసుఫ్ భాయ్‌కి నేర్పరాదు పటేలా?"

"వానికా? నేను నేర్పుత అంటే వాడు నాకు నేర్పుతడు. కడమోళ్లకు క్లచ్ అలవాటు, ఎడమకాలు ఊకుండది. నీ ఎడమకాలుకు ఏం తెల్వదు. గదే మంచిది."

ఆదివారాలు ఫ్యాక్టరీలో జనం తక్కువ. అడ్మిన్ ఆఫీసరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నేను చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని స్టీరింగు ముందు కూర్చుంటే, పటేల్ పక్కన కూర్చుని తలుపు పిడి పట్టుకుని, లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ ఉండేవాడు. "ముకుతాడు గుంజినట్టు గుంజకు. చేతికి దాని పానం తెలియాలె." "జెర మెల్లగ. అది ఎటూ పోతది, నువ్వు తొందర పెట్టకు." "గోడ నీ దిక్కు రాదు, నువ్వే గోడ దిక్కు పోతున్నవ్." తప్పు చేస్తే తిట్టేవాడు కాదు. తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసేవాడు. అదే నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలేది.

ఒక ఆదివారం, బాగానే చేతికొచ్చిందన్న ధైర్యంతో, బండిని వాహనాల షెడ్డులోకి తిప్పబోయాను. చదునైన నేల, పైన రేకులు, చక్కని నీడ. ఎత్తు మీద ఎండలో ఎందుకు పెట్టాలి?

"గా షెడ్డులకు వద్దు," అన్నాడు.

"ఎందుకు పటేలా? అందరి బండ్లు ఆడ్నే పెడ్తరు గద?"

నేల వైపు చూపిస్తూ చెప్పాడు. "ఆ షెడ్డు కింద మా బాయి ఉన్నది. మా తాత తవ్విచ్చిండు. పూడ్సిన దినం నేనిటు దిక్కు రాలే. ఇంట్ల పండుకున్న కాడికి సప్పుడు ఇనొచ్చింది, రాళ్లు నీళ్లల్ల వడ్డ సప్పుడు. పూడ్సిండ్రని నాకు ఎరుకే బిడ్డా. కాని దాని మీద బండి పెట్టబుద్ధి గాదు."

అన్నేళ్లుగా ఆ ఎత్తు మీద బండి ఎందుకు పెడతావని ఎంతమంది అడిగారో, ఎంతమంది ఎగతాళి చేశారో! ఎవరికీ చెప్పలేదు. మర్యాద తెలిసిన డ్రైవరు బండిని ఎండలోనే పెడతాడని ఏదో అబద్ధం చెప్పేవాడు. నేను స్టీరింగు తిప్పి బండిని మళ్లీ ఎత్తు మీదికే తీసుకొచ్చాను.

చివరగా ఒక్క రోజు సంగతి చెబుతాను. అప్పటికి నాకు బండి బాగా వచ్చింది. ఆ ఆదివారం పిల్ల ఏడుపు మానడం లేదని మా అమ్మ దాన్ని చంకనేసుకుని ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. గేటు కట్టిన తర్వాత అమ్మ ఆ లోపలికి ఎన్నడూ అడుగు పెట్టలేదు. నేను బండి తోలుకొస్తుంటే, పక్కనున్న పటేల్‌ను చూసి, కొంగు తల మీదికి లాక్కుని దారి పక్కకు తప్పుకుంది.

పటేల్ బండి ఆపమన్నాడు. దిగాడు.

"ఎల్లవ్వా, ఎక్కు. లోపలంత ఒక్క సుట్టు తిరిగొద్దాం. నీ బిడ్డ తోల్తది."

అమ్మ సరేనంటూ తలూపి, పిల్లతో సహా బండి వెనక్కి నడిచింది. కూలికి పోయేవాళ్లు ఎప్పుడూ ఎక్కేది తొట్టిలోనే కదా. తొట్టి అంచు పట్టుకుని కాలు పైకెత్తబోతుంటే పటేల్ ఆపాడు.

"ఆడ కాదు. ముందట కూసో."

"మీరు, పటేలా?"

ఆయన నీలిమందు చొక్కా చేతులు పైకి మడిచి, చక్రం మీద కాలు పెట్టి, మూలుగుతూ తొట్టిలోకి ఎక్కాడు. ఎక్కి, క్యాబిన్ కప్పు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. "పోనియ్యి బిడ్డా!"

అమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని సీటు చివర, ఎక్కడ మాసిపోతుందో అన్నట్టు కూర్చుంది. నేను మెల్లగా పోనిచ్చాను. ఫౌండ్రీ, మిషన్ షాపు, క్యాంటీన్ ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. వెనక తొట్టిలో నిలబడి, గాలికి కళ్లు చికిలించుకుంటూ, పటేల్ గట్టిగా చెబుతున్నాడు: "గిది మామిళ్ల చెలక... గిది రాళ్ల గట్టు... అగో, గా క్యాంటీను కాడ మన పెద్ద మడి ఉండె, ఎల్లవ్వా, యాదికున్నదా?"

మా అమ్మ అప్పటిదాకా తల దించుకుని కూర్చుంది. ఇప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి క్యాంటీన్ వైపు చూసింది. మిషన్ షాపు వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత పటేల్ మాటకు ఆమె ఎదురు చెప్పగా నేను వినలేదు.

"కాదు పటేలా," అంది గట్టిగా. "పెద్ద మడి గిక్కడ, గీ మిషన్ల షెడ్డు కాడ. మీరు గట్టు మీద నిలబడేటోళ్లు. బురదల వంగి నాటేసినోళ్లకు తెల్వదా?"

నేను బ్రేకు మీద కాలు పెట్టి ఆపేశాను. వెనక నుంచి ఆయన పెద్దగా, కడుపారా నవ్వడం వినిపించింది.

"నువ్వు చెప్పిందే నిజం ఎల్లవ్వా," అన్నాడు. "కడమయి గూడ నువ్వే చెప్పు. ఏది ఎక్కడుండెనో నాకు జెర సూపియ్యి."

అమ్మ చెయ్యి బయటికి చాచి చూపించడం మొదలుపెట్టింది. ఆమె చూపించిన వైపల్లా నేను బండి తిప్పుతూ పోయాను.